మద్యం మీద నొప్పి మాత్ర

పగలంతా బస్తాలు మోసిన హమాలీ సాయంకాలం కాస్త కల్లు పుచ్చుకొని ఇల్లు చేరుతాడు. నడుము నొప్పి మాత్రం తగ్గలేదు. వీధి చివర కొట్లో కొన్న మాత్ర ఒకటి మ్రింగి పడుకొంటాడు. పట్నంలో ఒక ఉద్యోగి రాత్రి విందులో విస్కీ పుచ్చుకొని, తెల్లవారేసరికి తల పగిలిపోతూ ఉంటే రెండు తలనొప్పి మాత్రలు వేసుకొని ఆఫీసుకు బయలుదేరుతాడు. ఏదో సాహసం చేస్తున్నామన్న తలంపు ఈ ఇద్దరిలో ఎవరికీ ఉండదు. మద్యం అలవాటైనదే, మాత్ర అందరూ వాడేదే. ఈ రెండూ లోపలికి పోయిన తరువాత ఒకదానితో ఒకటి ఏమి చేసుకొంటాయో ఆలోచించేవారు అరుదు.

కొంచెం జాగ్రత్త కలవారు మందుల దుకాణంలో ఒక ప్రశ్న అడుగుతారు: "మందు పుచ్చుకొన్న రోజున ఏ మాత్ర వేసుకొంటే ఫరవాలేదండీ?" ప్రశ్న మంచిదే. కాని దానికి వారు కోరే సమాధానం లేదు. ఒక జాతి మాత్ర మద్యంతో కలిసి జీర్ణాశయాన్ని బాధిస్తుంది. రెండవ జాతి మాత్ర కాలేయాన్ని దెబ్బతీయవచ్చును. మూడవ జాతి మాత్ర ఏకంగా ఊపిరినే ఆపవచ్చును. ఒకటి మాని మరొకటి వేసుకొంటే ప్రమాదం స్థలం మారుతుందే గాని పోదు. ఈ మూడు స్థలాలలో జరిగేదేమిటో వరుసగా చూద్దాం.

కడుపులో జరిగేది

ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లొఫెనాక్, ఎసిక్లొఫెనాక్ మొదలైనవి ఒక కుటుంబానికి చెందిన మందులు. కీళ్ల నొప్పులకు, నడుము నొప్పికి, పంటి నొప్పికి మనవారు విరివిగా వాడేవి ఇవే. ఆస్పిరిన్ 1899 నుంచి ఆ పేరుతో అమ్ముడవుతున్నా, అది నొప్పిని ఎట్లా తగ్గిస్తుందో 1971 వరకు ఎవరికీ స్పష్టంగా తెలియలేదు. ఆ సంవత్సరం ఇంగ్లండులో జాన్ వేన్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రహస్యాన్ని విప్పినాడు. దెబ్బ తగిలిన చోట ప్రొస్టాగ్లాండినులు అనే పదార్థాలు తయారై వాపును, నొప్పిని పెంచుతాయి. ఆస్పిరిన్ వాటి తయారీని అడ్డుకొంటుంది. ఈ కృషికి వేన్‌కు 1982లో మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమానం లభించింది.

అయితే ప్రొస్టాగ్లాండినులు నొప్పి పుట్టించడానికే ఉన్నాయని అనుకోరాదు. మన జీర్ణాశయంలో ఊరే రసంలో హైడ్రోక్లోరికామ్లం ఉన్నది. అది మాంసాన్ని సైతం జీర్ణం చేయగల ఆమ్లం. మరి జీర్ణాశయపు గోడను ఎందుకు తినివేయదు? ఆ గోడపైన ఒక జిగురు పొర ఎప్పటికప్పుడు ఊరుతూ ఉంటుంది. ఆ పొరను ఊరించి నిలబెట్టేవి ఈ ప్రొస్టాగ్లాండినులే. మాత్ర వాటిని అణచినప్పుడు నొప్పితోబాటు కడుపుకు ఉన్న రక్షణ కూడా తగ్గుతుంది.

ఈ స్థితిలో మద్యం వచ్చి చేరితే ఏమవుతుంది? ఆల్కహాలు అని పిలిచే మద్యసారం స్వయంగా జీర్ణాశయపు లోపొరను ఒరిపిడి పెట్టే పదార్థం. గాఢమైన సారాయి ఖాళీ కడుపులో పడితే మంట పుట్టడం అందుకే. కాపలా తగ్గిన గోడమీద ఈ ఒరిపిడి పడగా పుండ్లు ఏర్పడి నెత్తురు కారవచ్చును. అంతేకాదు. నెత్తురు గడ్డకట్టడానికి తోడ్పడే రక్తఫలకికలను ఆస్పిరిన్ పనిచేయకుండా చేస్తుంది. ఒకసారి ఆ మందు తాకిన ఫలకిక తన జీవితకాలమంతా, అనగా సుమారు 8 నుంచి 10 రోజులు, అట్లాగే ఉండిపోతుంది. కాబట్టి కారుతున్న నెత్తురు త్వరగా ఆగదు.

ఈ నెత్తురు బయటికి ఎర్రగా కనిపించక పోవచ్చును. ఆమ్లంలో నానిన నెత్తురు కాఫీపొడి రంగులో వాంతి అవుతుంది. లేదా తారువలె నల్లని విరేచనం అవుతుంది. "ఏదో తిన్నది పడలేదు" అని ఇంట్లో ఊరకుండేవారు చాలామంది ఉన్నారు. ఇవి ఆసుపత్రికి వెంటనే పోవలసిన లక్షణాలు.

ఇదే కుటుంబపు మందులు మూత్రపిండాలకు పోయే నెత్తురును కూడా కొంత తగ్గిస్తాయి. మద్యం మూత్రాన్ని ఎక్కువ చేసి శరీరంలోని నీటిని తగ్గిస్తుంది. రోహిణీ కార్తెలో ఎండలో చెమటోడ్చి పని చేసినవాడు, నీరు త్రాగక మద్యం త్రాగి, పైన ఈ మాత్ర వేసుకొంటే మూత్రపిండాలమీద మూడు భారాలు ఒక్కసారిగా పడతాయి.

కాలేయంలో జరిగేది

కడుపుకు హాని లేని మాత్ర అని పేరుబడ్డది పారాసెటమాల్. జ్వరానికి, తలనొప్పికి ఇంటింటా ఉండే బిళ్ల ఇది. దీని చరిత్ర ఒక పొరపాటుతో మొదలవుతుంది. 1886లో స్ట్రాస్‌బర్గు నగరంలో కాన్, హెప్ అనే ఇద్దరు యువ వైద్యులు నఫ్తలీను అనుకొని మరొక పదార్థాన్ని ఒక రోగికి ఇచ్చారు. వారు ఎదురుచూచినది జరుగలేదు గాని రోగి జ్వరం తగ్గింది. ఆ పదార్థం ఎసిటనిలైడు. అది జ్వరాన్ని తగ్గించినా, నెత్తురును చెరిచి పెదవులు నీలివర్ణానికి తిప్పేది. 1948లో అమెరికాలో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అనే శాస్త్రజ్ఞులు అది శరీరంలో పారాసెటమాల్‌గా మారుతుందని, గుణమిచ్చేది ఆ పారాసెటమాలేనని చూపినారు. 1955లో అమెరికాలోను, 1956లో బ్రిటనులోను ఆ మందు బజారుకు వచ్చింది.

పది సంవత్సరాలు దానిని దాదాపు నిరపాయకరమనే భావించారు. 1966లో బ్రిటనులో డేవిడ్‌సన్, ఈస్ట్‌హామ్ అనే వైద్యులు, మోతాదు మించి దీనిని తీసుకొన్నవారి కాలేయం నశించిందని ప్రకటించారు. అది ఎట్లా జరుగుతుందో 1973లో అమెరికాలోని జాతీయ ఆరోగ్య సంస్థలలో మిచెల్, ఆయన సహచరులు కనుగొన్నారు. మద్యానికీ ఈ మాత్రకూ ఉన్న సంబంధం తెలియాలంటే ఆ మార్గాన్ని కొంచెం అనుసరించాలి.

మనం మ్రింగిన పారాసెటమాల్‌లో అధికభాగాన్ని, నూటికి తొంబది వంతుల వరకు, కాలేయం రెండు పెద్ద దారులలో పంపివేస్తుంది. ఒక దారిలో దానికి గ్లుకురానికామ్లాన్ని, రెండవ దారిలో సల్ఫేటును జోడించి మూత్రంలోకి త్రోస్తుంది. ఇందువల్ల ఏ హానీ లేదు. మిగిలిన కొద్ది భాగం, నూటికి ఐదు నుంచి పది వంతులు, ఒక చిన్న దారిన పోతుంది. అక్కడ సివైపి-2ఇ1 అనే ఎంజైము దానిని ఆక్సీకరించి ఒక విషపదార్థంగా మారుస్తుంది. ఈ విషం కాలేయ కణాలను పట్టుకొని చంపగలదు. కాని దానికి ఆ అవకాశం మామూలుగా దొరకదు. కాలేయంలో గ్లుటాథయోను అనే రక్షక పదార్థం నిలవ ఉంటుంది. విషం పుట్టగానే అది పట్టుకొని నిర్వీర్యం చేస్తుంది. పూరింటి వాకిట నిప్పుభయానికి నింపి ఉంచిన గోలెంలోని నీటి వంటిది ఈ గ్లుటాథయోను. నిప్పురవ్వ పడినప్పుడల్లా ఒక చెంబెడు నీళ్లు చల్లితే చాలును. గోలెం నిండుగా ఉన్నంతకాలం ఇల్లు క్షేమమే.

మద్యం ఈ ఏర్పాటును రెండు వైపుల నుంచి చెరుపుతుంది. ప్రతిదినం త్రాగేవాని కాలేయంలో ఆ చిన్నదారి ఎంజైము పరిమాణం పెరుగుతుంది. ఎందుకంటే మద్యసారాన్ని విరగగొట్టే ఎంజైములలో అదీ ఒకటి. పని పెరిగినకొద్దీ పనివారు పెరిగినట్లు అది పెరుగుతుంది. అనగా నిప్పురవ్వలు ఎక్కువ పుడతాయి. మరొక వైపున మద్యం గ్లుటాథయోను నిలవను తగ్గిస్తుంది. త్రాగేవాడు సాధారణంగా సరిగా తినడు. తిండి చాలకపోతే కాలేయం ఆ పదార్థాన్ని తిరిగి తయారు చేసుకోలేదు. అనగా గోలెంలో నీరూ తగ్గింది. రవ్వలు ఎక్కువై నీళ్లు తక్కువైన ఇంటి గతి ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

మరునాటి ఉదయం

ఇక్కడ ఒక విచిత్రం ఉన్నది. మద్యం నెత్తురులో ఉన్నంతసేపు ఆ ఎంజైము మద్యంతోనే పనిలో మునిగి ఉంటుంది. పారాసెటమాల్ వంక చూచే తీరిక దానికి తక్కువ. మద్యం పూర్తిగా హరించుకుపోయిన తరువాత అదే ఎంజైము, పెరిగిన పరిమాణంతో, ఖాళీగా నిలుస్తుంది. దాని పరిమాణం మామూలు స్థితికి రావడానికి కొన్ని రోజులు పడుతుంది. కాబట్టి నిత్యం త్రాగేవానికి త్రాగుతున్న గంటలకంటె, త్రాగడం ఆపిన తరువాతి గంటలు ఈ మాత్ర విషయంలో ఎక్కువ ప్రమాదకరం. "మత్తు దిగింది గదా, ఇక మాత్ర వేసుకోవచ్చు" అని మనం అనుకొనే సమయమే అది.

ఈ మత్తు దిగడం కూడా మనం అనుకొన్నంత త్వరగా జరుగదు. చిన్న లెక్క వేసి చూద్దాం. 180 మిల్లీలీటర్ల క్వార్టరు సీసా విస్కీలో నూటికి 42.8 వంతులు మద్యసారం ఉంటుంది. బరువులో అది సుమారు 60 గ్రాములు. సాధారణ మనుష్యుని శరీరం గంటకు 7 నుంచి 10 గ్రాముల మద్యసారాన్ని మాత్రమే వదిలించుకోగలదు. ఆ లెక్కన ఒక్క క్వార్టరు పూర్తిగా పోవడానికి ఆరు నుంచి ఎనిమిదిన్నర గంటలు పడుతుంది. రాత్రి పదిగంటలకు ముగించినవాని నెత్తురులో తెల్లవారుజామున ఇంకా మద్యం ఉండవచ్చును. నిమ్మరసమో, మజ్జిగో, చన్నీళ్ల స్నానమో ఈ వేగాన్ని పెంచలేవు.

ఇంత చెప్పినందువల్ల పాఠకులు అనవసరంగా భయపడరాదు. ఎప్పుడో ఒకనాడు కొద్దిగా పుచ్చుకొనే ఆరోగ్యవంతుడు, మరునాడు సరియైన మోతాదులో ఒక పారాసెటమాల్ మాత్ర వేసుకొన్నంతమాత్రాన కాలేయం చెడుతుందని చెప్పడానికి ఆధారం లేదు. మద్యం అలవాటు మానుతున్నవారికి ఆసుపత్రిలో రెండు మూడు రోజులు పూర్తి మోతాదు ఇచ్చి పరీక్షించినప్పుడు కూడా కాలేయానికి చెప్పుకోదగ్గ హాని కనిపించలేదు. కాని ఆసుపత్రిలో మాత్రలను ఒకరు లెక్కపెట్టి ఇస్తారు, వేళకు భోజనం పెడతారు. ఇంట్లో ఈ రెండూ తప్పుతాయి. నిత్యం త్రాగేవాడు, సరిగా తిననివాడు, మోతాదు మించినవాడు ఒకే మనిషి అయినప్పుడు ఆపద వస్తుంది. ఆ ముగ్గురూ ఒకే మనిషి కావడం మనలో అరుదు కాదు. అమెరికా ప్రభుత్వపు ఔషధ సంస్థ 1998లోనే, ప్రతిదినం మూడు లేక అంతకుమించి గ్లాసులు మద్యం త్రాగేవారు వైద్యుని అడగనిదే వాడరాదన్న హెచ్చరికను చీటీ లేకుండా అమ్మే నొప్పి మందుల మీద ముద్రించాలని శాసించింది.

లెక్క ఎట్లా తప్పుతుంది?

మోతాదు మించేవారిలో చాలామంది తెలిసి మించరు. ఆరోగ్యవంతుడైన పెద్దవానికి పారాసెటమాల్ రోజుకు మొత్తం 4 గ్రాములు మించరాదు. నిత్యం త్రాగేవారికి వైద్యులు సాధారణంగా అందులో సగమే, అనగా 2 గ్రాములే, హద్దుగా చెబుతారు. ఇప్పుడు ఒంటినొప్పులు, జలుబు, జ్వరం కలిసి వచ్చిన ఒక మనిషిని ఊహించండి. జ్వరానికి 650 మిల్లీగ్రాముల బిళ్ల మూడుసార్లు వేసుకొన్నాడు. అది 1,950 మిల్లీగ్రాములు. నడుము నొప్పికి ఎసిక్లొఫెనాక్ కలిసిన మాత్ర మూడుసార్లు వేసుకొన్నాడు. అందులో 325 మిల్లీగ్రాముల పారాసెటమాల్ దాగి ఉన్నది. అది 975. జలుబు మాత్ర మూడుసార్లు వేసుకొన్నాడు. అందులో 500 ఉన్నది. అది 1,500. మొత్తం 4,425 మిల్లీగ్రాములు. తాను మూడు రోగాలకు మూడు వేరువేరు మందులు వాడుతున్నానని ఆయన నమ్మకం. కాలేయానికి తెలిసినది ఒకే మందు, అదీ హద్దు దాటి. ఈయన రోజూ త్రాగేవాడైతే ఇది ఆయన హద్దుకు రెండింతలకు పైమాటే.

ఊపిరి ఆగే చోటు

మూడవ కుటుంబం నల్లమందు జాతి. గసగసాల కాయ పాల నుంచి వచ్చే మార్ఫీను, కొడీను ఇందులోనివి. ప్రయోగశాలలో తయారయ్యే ట్రమడాల్ కూడా ఈ జాతిలోనిదే. శస్త్రచికిత్స తరువాత, కేన్సరు బాధలోను ఇవి అమృతప్రాయమైన మందులు. వైద్యుని పర్యవేక్షణలో ఉన్నంతవరకు వీటిని తప్పు పట్టరాదు.

మెదడు అడుగుభాగాన, వెన్నుపాముకు పైన, మెడుల్లా అనే చోట శ్వాసకేంద్రం ఉన్నది. మనం నిద్రలో ఉన్నా అది మెలకువగా ఉండి ఊపిరితిత్తులకు ఆజ్ఞలు పంపుతుంది. నెత్తురులో బొగ్గుపులుసు వాయువు పెరిగినప్పుడు అది గుర్తించి ఊపిరిని వేగపరుస్తుంది. నల్లమందు జాతి మందులు ఈ కేంద్రాన్ని మందగింపజేస్తాయి. మద్యమూ అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే కాపలావాడు కూడా నిద్రపోతాడు. త్రాగి పడుకొన్న మనిషి గురక మెల్లమెల్లగా తగ్గి, ఊపిరికి ఊపిరికి మధ్య ఎడం పెరిగి, ఎవరికీ తెలియకుండా ఆగిపోవచ్చును. ప్రక్కన ఉన్నవారు గాఢనిద్ర అనుకొంటారు.

మన ప్రాంతంలో దీనికి ఒక అదనపు భయం ఉన్నది. తెలంగాణలో కొన్ని చోట్ల కల్లులో డయజిపామ్, అల్ప్రజోలామ్, క్లోరల్ హైడ్రేట్ వంటి మత్తుమందులు కలిపి అమ్మడం పలుమార్లు బయటపడింది. ఇవి కూడా మెదడును మందగింపజేసేవే. అట్టి కల్లు త్రాగినవాడు తాను ఒక మత్తుమందు అప్పటికే మ్రింగినట్లు ఎరుగడు. దానిమీద ట్రమడాల్ వేసుకొంటే రెండు కాదు, మూడు బరువులు శ్వాసకేంద్రం మీద పడతాయి. నొప్పిమందులను మత్తుమందులతో, మద్యంతో కలపరాదని 2016లో అమెరికా ఔషధ సంస్థ ఈ జాతి మందులన్నిటిపైన అతి తీవ్రమైన హెచ్చరికను చేర్చింది. మన దేశంలో ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం క్రిందికి తెచ్చారు.

ఆపద వస్తే

పారాసెటమాల్ మోతాదు మించినప్పుడు మొదటి దినం ఏమీ తెలియక పోవచ్చును. కాస్త వికారం, వాంతి ఉంటే ఉండవచ్చును. రెండవ దినం కొంత కులాసాగా కూడా ఉంటుంది. కాలేయం మౌనమైన అవయవం. బాధను వెంటనే చెప్పుకోదు. కుడివైపు డొక్కలో నొప్పి, కళ్లు పచ్చబడడం, మాట తడబడడం కనిపించేసరికి మూడు నాలుగు దినాలు గడిచి ఉంటాయి. అప్పటికి నష్టం జరిగిపోయి ఉంటుంది.

దీనికి మంచి విరుగుడు ఉన్నది. ఎసిటైల్‌సిస్టీను అనే మందు కాలేయంలో గ్లుటాథయోనును తిరిగి నింపుతుంది. అడుగంటిన గోలెంలో మళ్లీ నీళ్లు పోయడం వంటిది ఇది. 1970ల చివరలో ఎడింబరోలో ప్రెస్కాట్ అనే వైద్యుడు దీని గుణాన్ని నిరూపించాడు. మాత్రలు మ్రింగిన ఎనిమిది గంటల లోపల ఇస్తే ఇది అద్భుతంగా పనిచేస్తుంది. ఆలస్యమైనా కొంత మేలు చేస్తుంది. కనుక మోతాదు మించిందని అనుమానం కలిగితే లక్షణాల కోసం ఎదురుచూడరాదు. మనిషి బాగానే ఉన్నాడు గదా అని ఊరకుండరాదు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్చాలి. వాడిన మాత్రల అట్టలను వెంట తీసుకుపోవాలి.

త్రాగి పడుకొన్నవాడు లేపితే లేవకపోయినా, ఊపిరి చాలా మెల్లగా ఆడుతున్నా, పెదవులు నీలమైనా వెంటనే ప్రక్కకు తిప్పి పడుకోబెట్టి సహాయం పిలవాలి. వెల్లకిల ఉంచితే వాంతి ఊపిరిగొట్టంలోకి పోతుంది. "నిద్రపోనీ, ప్రొద్దున లేస్తాడు" అన్న మాట కొన్ని ఇళ్లలో చివరి మాట అయినది.

ఏమి చేయాలి?

మొదటి మాట, అట్టమీద వ్రాసిన మందు పేరు చదవడం. కంపెనీ పేరు కాదు, లోపలి మందు పేరు. పారాసెటమాల్ అన్న మాట రెండు అట్టలమీద కనిపిస్తే ఒకటి ప్రక్కన పెట్టాలి. రెండవది, మద్యం పుచ్చుకొన్న రాత్రి, మరునాటి ఉదయం వీలైనంతవరకు మాత్ర జోలికి పోకుండా నీరు త్రాగి, కొంచెం తిని, విశ్రాంతి తీసుకోవడం. త్రాగిన మరునాటి తలనొప్పి చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. మూడవది, కీళ్లకు, గుండెకు వైద్యుని సలహామీద రోజూ మాత్ర వాడేవారు మద్యాన్ని దూరంగా ఉంచడం. ఈ సందర్భంలో మానవలసినది మద్యమే గాని మాత్ర కాదు. గుండెకు ఇచ్చిన ఆస్పిరిన్‌ను తమంత తాము ఆపరాదు.

నాలుగవ మాట అన్నిటికంటె కష్టమైనది. వైద్యుడు "మద్యం అలవాటు ఉన్నదా?" అని అడిగినప్పుడు నిజం చెప్పడం. భార్య ప్రక్కన ఉన్నదనో, పెద్దవారు వింటున్నారనో చాలామంది "లేదండీ" అంటారు. వైద్యుడు ఆ మాటను నమ్మి మందు వ్రాస్తాడు. ఆయన అడిగేది గుణదోషాలు ఎంచడానికి కాదు. ఏ మాత్ర వ్రాయాలో, ఎంత వ్రాయాలో ఆ సమాధానాన్ని బట్టే ఆయన నిర్ణయిస్తాడు. వైద్యుడు మరచి అడగకపోతే ఇంటివారైనా గుర్తు చేయాలి. సిగ్గుపడి దాచినది మనుష్యులకు తెలియక పోవచ్చును గాని, కాలేయానికి మాత్రం మొదటినుంచీ తెలుసును.